చెయ్యి తగలని గోడ

కాంక్రీటు వింటుందని డాక్టర్ నీలవేణి మొదటిసారి చెప్పినప్పుడు వాళ్ల శాఖాధిపతి కళ్లజోడు తీసి తుడుచుకుని, "వినడం సరేనమ్మా, మాట్లాడ్డం మాత్రం నేర్పకండి. ఈ బిల్డింగు కట్టిన కంట్రాక్టరు ఇంకా బతికే ఉన్నాడు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు, నీలవేణితో సహా. కొన్నేళ్ల తర్వాత ఆమె అదే బిల్డింగు డాబా మీంచి టీ గ్లాసంత ముక్క తొలిపించి కొలిమిలో పెట్టింది. అందులోంచి, ఎప్పుడో ఆ స్లాబు పోసిన మేస్త్రీ ఒకడు ఇంజినీరును నోటికొచ్చినట్టు తిడుతున్న గొంతు బయటికొచ్చింది. శాఖాధిపతి ఈసారి నవ్వలేదు. తిట్లు తిన్న ఇంజినీరు ఆయన సొంత బావమరిది.

సంగతి ఇంతే. సిమెంటు నీళ్లు తాగి గట్టిపడే మొదటి కొన్ని గంటల్లో దాని లోపల సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు పెరుగుతాయి. ఎండ ఎక్కువున్న చోట మాలు, అంటే తడి కాంక్రీటు, తొందరగా బిగిసిపోకుండా కలిపే ఒక రకం మందు గనక పడితే, ఆ సూదులు పక్కనున్న చప్పుడుకు కదులుతూ, ఒరుగుతూ, పొర మీద పొరగా పెరుగుతాయి. ఆ ముక్కను నిదానంగా వేడి చేస్తే పెరిగిన క్రమంలోనే పుటుక్కు పుటుక్కున విరుగుతాయి. ఆ విరుపులన్నీ పట్టి కలిపితే మాట అవుతుంది. దగ్గర్నుంచి గట్టిగా అన్న మాటైతేనే సుమా. పైగా విన్న ముక్క పిండి అయిపోతుంది. రికార్డు చేసుకున్నది మిగులుతుంది గానీ, రికార్డును ఎవరు నమ్ముతారు? నమ్మని వాడికి వినిపించాలంటే అతని కళ్లెదుటే ఇంకో ముక్క కాల్చాలి.

నీలవేణికి ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ఆమెది మక్తల్ దగ్గర కొత్తూట్ల. ఆ ఊళ్లో సగం మంది భవనాలు కట్టడానికి దేశమంతా తిరుగుతుంటారు. పదేళ్ల దాకా ఆమె కూడా అక్క మాసమ్మ చెయ్యి పట్టుకుని బొంబాయిలో, పుణెలో, బెంగుళూరులో ఇసక కుప్పల మీద ఆడుకున్నదే. తర్వాత హాస్టల్లో వేశారు. ఆమె చదువు పట్టుకుని వదల్లేదు, మాసమ్మ పని పట్టుకుని వదల్లేదు. మాసమ్మ మొగుడు ఆశన్న గుంపు మేస్త్రీ. గుంపులో ముప్పై మందికి పైగా ఉంటారు, అందరూ ఒకే ఊరి వాళ్లు, ఒకరికొకరు ఏదో ఒక దారిలో చుట్టాలు.

నాలుగేళ్ల కింద ఆ గుంపు గుంపంతా వెరూనియా వెళ్లింది. ఎడారి ఒడ్డున సముద్రానికి ఆనుకుని ఆ దేశం కొత్త నగరం కడుతోంది. మొదట్లో వారం వారం ఫోన్లొచ్చేవి. తర్వాత అక్కడి వాళ్లు పాస్‌పోర్టులు తీసుకున్నారు, ఆ వెనక ఫోన్లు. ఆఖరిసారి మాసమ్మ పంపిన వాయిస్ మెసేజీలో గొంతు గుసగుసగా ఉంది: "పెద్ద పెద్ద తెల్ల పలకలు పోస్తున్నం. వాటి మీద పావురాల బొమ్మలు. ఎవలో పెద్దోళ్లు కూసొని మాట్లాడుకునే సభకంట. పిల్ల పైలం." అంతే. మన దేశపు అధికారులు అడిగారు, మళ్లీ అడిగారు. అలాంటి మనుషులెవరూ తమ గడ్డ మీద అడుగే పెట్టలేదని వెరూనియా తాపీగా జవాబిచ్చింది.

పైలంగా చూసుకోమన్న పిల్ల పేరు పావని. హైదరాబాదులో నర్సింగ్ చదువుతూ పిన్ని దగ్గరే ఉంటోంది. అమ్మా నాన్నల గురించి ఎవరితోనూ మాట్లాడదు. ఫోన్ నంబరు మాత్రం మార్చనివ్వదు. కంపెనీ మారితే నంబరు పోతుందేమోనని, సిగ్నలు సరిగా లేని ఇంట్లో కిటికీ పక్కన నిలబడి మాట్లాడుతుంది. నీలవేణి అది చూసీ చూడనట్టు ఉంటుంది.

ఒక ఆదివారం పొద్దున పావని కాలేజీ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే టీవీలో జెనీవా వార్తలొచ్చాయి. ప్రపంచ హక్కుల సభకు కొత్త భవనం కట్టారు. ఏ దేశంలో మనుషులకు అన్యాయం జరిగినా విచారించి, ఆ దేశాన్ని నలుగురిలో నిలబెట్టి అడిగే సభ అది. దానికి నిలువెత్తు తెల్లటి గోడను పలకలు పలకలుగా పోయించి కానుకగా పంపింది మాత్రం వెరూనియా. ఆ దేశపు రాయబారి, చక్కటి సూటు వేసుకున్న పెద్దమనిషి, మైకు ముందు నిలబడి, ఈ గోడ మనిషి చెయ్యి తగలకుండా పూర్తిగా యంత్రాలు పోసినదని, శాంతికి తమ దేశం ఇస్తున్న కానుక అని చెప్తున్నాడు. ఆయన వెనక గోడ నిండా పావురాలు ఎగురుతున్నాయి.

ఇస్త్రీపెట్టె కింద చొక్కా మాడుతున్న వాసన వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.

"చిన్నమ్మా," అంది పావని, "గా గోడ మా అమ్మ పోసిందే."

*

సభలో అప్పటికే వెరూనియా మీద విచారణ జరపాలన్న తీర్మానం రెండుసార్లు వీగిపోయింది. వ్యతిరేకించిన వాళ్లు తక్కువే. గొడవెందుకని ఓటు వెయ్యకుండా కూర్చున్న వాళ్లే ఎక్కువ. ఒకరికి వెరూనియా గ్యాసు కావాలి, ఇంకొకరికి దాని ఓడరేవు కావాలి. ఆధారం చూపించండి అంటారు. ఆధారం ఆ దేశంలో ఉంది, ఆ దేశం తలుపు తియ్యదు. సభ తరఫున విచారణాధికారిగా ఉన్న కెన్యా ఆవిడ వంజీరు ఈ మూసిన తలుపు ముందు నాలుగేళ్లుగా నిలబడి ఉంది.

నీలవేణి రాసిన ఉత్తరం చదివి ఆవిడ చాలాసేపు తన గది కిటికీలోంచి ఆ తెల్లగోడ వైపే చూసిందట. వెరూనియా నేల వెరూనియాది. కానీ గోడ సభది. ఏ షరతూ లేకుండా ఇస్తున్నామని ఆ దేశమే సంతకం చేసింది.

రాయబారి మండిపడ్డాడు. ఇచ్చిన కానుకకు చిల్లులు పొడవడం ఏ దేశపు మర్యాద అని అడిగాడు. సొంత ఇంటి గోడకు మేకు కొట్టుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు కదా అంది వంజీరు. సభ భవనపు ఇంజినీర్లు వెనక వైపునుంచి, అదీ అరడజను ముక్కల వరకే ఒప్పుకున్నారు. ఈలోపు ఆధారాలు పరిశీలించే సంఘం వాళ్లు నీలవేణిని, ముక్కల్లోంచి ఏం వస్తుందని అడిగారు. పేర్లు వస్తాయి అని చెప్పిందామె. తడుముకోకుండా చెప్పింది. ఆ మాటే తర్వాత ఆమె పీకకు చుట్టుకుంది.

సభ భవనం కింద, విరిగిన కుర్చీలు దాచే గది ఒకటి ఖాళీ చేసి ఇచ్చారు. హైదరాబాదు నుంచి తెచ్చిన కొలిమి ఇడ్లీ పాత్ర కంటే పెద్దదేమీ కాదు. మొదటి ముక్క పెట్టి నీలవేణి వేడి పెంచుతూ కూర్చుంది. చాలాసేపు వాన చినుకుల్లాంటి చప్పుడు. తర్వాత ఎవరో ఆయాసపడుతున్న ఊపిరి. తర్వాత, పక్కగదిలోంచి పిలిచినంత స్పష్టంగా, ఒక ఆడమనిషి గొంతు: "అత్తా, అందుకో."

ఏమన్నారు అని అడిగింది వంజీరు. నీలవేణి కళ్లు తుడుచుకుని, మనుషులున్నారు, చేతులతోనే పోశారు అని మాత్రం అంది.

తట్టలో మాలు చేతులు మారుతూ వెళ్తోంది. ఒకరు పిలుస్తారు, పక్కవాళ్లు తిరిగి అందుకుంటారు, వాళ్లు ఆ పక్కవాళ్లను పిలుస్తారు. పిలవకుండా ఇస్తే తట్ట కాలి మీద పడుతుంది. మామా, తమ్మీ, వదినా, చిన్నాయనా... మూడో ముక్కలో బొంగురుపోయిన గొంతొకటి వినపడింది: "ఇగో, పట్టు." అది మాసమ్మ గొంతు. మొగుణ్ని ఆమె ఎప్పుడూ వేరే పిలుపుతో పిలవలేదు. ఆశన్న జవాబు మాత్రం ఆ ముక్కలో లేదు. ఆయన నిలబడ్డది ఇంకో నాలుగడుగులు అవతల, అక్కడ తొలవలేదు. అయినా అక్క గొంతు దొరికిందన్న సంతోషంలో నీలవేణికి ఆ లోటు తెలియలేదు. మెట్లెక్కి పైకెళ్లి ఆరుబయట నిలబడి, ఎదురొచ్చిన ఎవరో తెలియని ఆఫీసరుకు నమస్కారం కూడా పెట్టింది.

ఐదు ముక్కలు విన్నాక సంఘం కూర్చుంది. చెయ్యి తగలని గోడలో ఇన్ని గొంతులెలా ఉన్నాయని వంజీరు అడిగింది. రాయబారి తొణకలేదు. తొలి రోజుల్లో ఉప కాంట్రాక్టరెవరో కొందరు తెలుగు కూలీలను తెచ్చాడట, పని కాగానే వాళ్లు వెళ్లిపోయారట, ఈ సంగతి తమకూ ఇప్పుడే తెలిసిందట. ఆ తర్వాత ఆయన నీలవేణి వైపు తిరిగి, చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా అన్నాడు.

"మీరు చెప్పే మనుషులు వీళ్లేనని ఎలా అనుకోమంటారు డాక్టర్ గారూ? పేర్లు వస్తాయన్నారు. ఒక్క పేరు వినిపించండి. ఒక్కటి చాలు."

వినిపించలేకపోయింది. ఐదు ముక్కల్లోనూ ఒక్క పేరు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది నీలవేణికి. కొత్తూట్ల గుంపులో పని చేసే చోట పేరు పెట్టి పిలవరు. పచ్చి మాలులో మనిషి పేరు పడితే ఆ మనిషి ఆ కట్టడాన్ని వదిలి రాలేడని వాళ్ల నమ్మకం. పదిహేనేళ్ల పోరగాణ్ని కూడా వరస పెట్టే పిలుస్తారు. చిన్నప్పుడు ఒకసారి తను అక్కను పేరుతో కేకేస్తే, ఆశన్న బావ పరిగెత్తుకొచ్చి నోరు మూసిన సంగతి కూడా మనసులో మెదిలింది. హాస్టల్లో, కాలేజీలో, లేబొరేటరీలో ముప్పై ఏళ్లుగా హాజరుపట్టీల మధ్య బతికీ బతికీ, మనుషులు ఎక్కడైనా పేర్లతోనే పిలుచుకుంటారని అనుకుంది. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది.

బయటికొచ్చాక వంజీరు ఓదార్చలేదు. పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పింది. వచ్చేవారం నిండు సభలో ఓటు ఉంది. గొంతులు బయటపడ్డాయి కాబట్టి ఇప్పుడు వెరూనియా ఆ మనుషుల్ని ఇంకెక్కడికో తరలించే ప్రయత్నం చేస్తుంది, లేదా ఇంకేమైనా చేస్తుంది. ఎవరో కూలీలు అంటే మాయం చెయ్యడం సులువు. ఫలానా మనిషి, ఫలానా ఊరు, ఫలానా వాళ్ల బిడ్డ అని ప్రపంచానికి తెలిసిపోతే కష్టం. ఆ ఫలానా తేలాలి. చేతిలో ఉన్నది ఇంకొక్క ముక్క.

*

ఆ సాయంత్రం నీలవేణి ఫోన్ చేసేసరికి పావని కొత్తూట్లలో ఉంది. పెద్దమ్మ కుర్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుస్తోంది. వార్తలు అప్పటికే చూసింది. పిన్నిని ఏమీ అనలేదు. ఏ పిలుపు తర్వాత ఏ పిలుపు వచ్చిందో పంపమని అడిగింది.

ఎందుకని అడిగితే, ఇక్కడ పెద్దమ్మ పక్కన కూర్చుంటే ఏదో తడుతోంది, పంపు అంది.

నీలవేణి పంపింది. వాళ్లిద్దరూ ఆ పిలుపుల్ని పట్టుకుని ఊరంతా తిరిగారు. ఒక ముక్కలో ముసలి గొంతొకటి పడుచుపిల్ల గొంతును "అత్తా" అని పిలుస్తుంది. విన్నవాళ్లకు అది ఏదో పొరపాటు అనిపిస్తుంది. కుర్మమ్మ వింటూనే నవ్వి, అది వడ్ల ఎల్లమ్మ కాదూ అంది. ఎల్లమ్మ మేనమామ ఎల్లమ్మ కంటే చిన్నవాడు. ఆయన గుంపు వెళ్లేముందే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురుకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఎల్లమ్మకు ఆ పిల్ల అత్తే మరి. ఇంకో చోట ముదురు మగగొంతు చిన్నపిల్లవాణ్ని "చిన్నాయనా" అంటుంది. అదీ ఆ ఊళ్లోనే, ఒకే ఒక్క ఇంట్లో దొరికింది. మేనరికాలు, కుండమార్పిళ్లు, ఇంట్లో ఇంట్లోనే ఇచ్చి పుచ్చుకోవడాలు అన్నీ కలిసి కొత్తూట్ల చుట్టరికాలు చిక్కుపడ్డ దారపుండలా ఉంటాయి. ఆ చిక్కు ప్రపంచంలో ఇంకో ఊరికి ఉండదు. ఇవతలి మనిషి అవతలి మనిషిని ఏమని పిలుస్తాడో తెలిస్తే, ఇద్దరూ ఎవరో తెలిసిపోతుంది. అలా ఒక కొసనుంచి పట్టుకుంటూ వెళ్తే గుంపులో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో మొత్తం వచ్చేస్తోంది. మొదటి రోజు మేస్త్రీ ఎత్తుకు ఎత్తు చూసి నిలబెట్టిన చోటు పని అయ్యేదాకా మారదు కూడాను.

మర్నాడు ఫోన్లో పావని గొంతు నీలవేణికి కొత్తగా వినపడింది. నాలుగేళ్లలో మొదటిసారి ఆ పిల్ల ఆగకుండా మాట్లాడుతోంది. ఎల్లమ్మవ్వ, కొండన్న మామ, బాలపీరు తాత అంటూ ఒక్కొక్కరినీ చెప్పుకొచ్చి, చివర్న ఆగింది.

"నాలుగు ముక్కలవే పంపినవ్ చిన్నమ్మా. అయిదోది ఏది?"

నీలవేణి ఆ ప్రశ్న కోసమే భయపడుతోంది. మొదటి నాలుగూ తొలినాళ్లలో పోసిన పలకలవి. అయిదోది చాలా తర్వాత పోసిన పలకది. అది విన్న రోజు నీలవేణి దాని గురించి ఆలోచించడానికే ఇష్టపడలేదు. అందులో మాసమ్మ గొంతుంది, అదే చోటు నుంచి. కానీ "ఇగో" లేదు. ఆమె "మరిదీ, అందుకో" అంటోంది. ఆశన్న తమ్ముడు నిలబడాల్సింది ఆశన్నకు అవతల. మధ్యలో మనిషి లేనట్టే అతని చేతికి తట్ట ఇస్తోంది.

జ్వరమొచ్చి ఉండొచ్చు, వేరే పనికి పంపి ఉండొచ్చు అని నీలవేణి తనకు తాను చెప్పుకుంది. అవే మాటలు పావనికి చెప్పి, అయిదోది పంపింది. పావని ఆ రోజు మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

*

ఆఖరి ముక్క, గుంపు చివర్లో పోసిన పలకది. దాన్ని ఇంకా ఎవరూ వినలేదు. వంజీరు ఒక దారి చెప్పింది. ముక్కను సీలు వేసి ఉంచుదాం. నిండు సభలో, వెరూనియా ఎంచుకున్న నిపుణుడి చేతే కొలిమిలో పెట్టిద్దాం. కానీ పెట్టకముందే, అందులోంచి ఏ పిలుపు తర్వాత ఏ పిలుపు వస్తుందో నువ్వు చెప్పాలి. తొలిచిన చోటును బట్టి అక్కడ ఎవరెవరు నిలబడి ఉంటారో మీ చుట్టరికాలు చెప్తున్నాయి కదా. చెప్పింది చెప్పినట్టు వస్తే, వాళ్లెవరో ఇంక ఎవడూ కాదనలేడు.

తప్పితే?

తప్పితే ఇంకో ముక్క లేదు.

ఆ చోటు మాసమ్మ నిలబడే చోటే. మాసమ్మ తర్వాత ఏమని చెప్పాలి? ఆశన్న కోలుకుని తిరిగొచ్చి ఉంటే "ఇగో" వస్తుంది. రాకపోతే "మరిదీ" వస్తుంది. ఒక్క మాట తేడా. చుట్టరికాలకు తెలిసేది చుట్టరికమే. మనిషి ఉన్నాడో లేడో అవి చెప్పలేవు. ముప్పై మంది విడుదల ఆ ఒక్క మాట మీద పడింది. ఆ మాట తను ఒక్కతే నిర్ణయించడానికి నీలవేణికి మనసొప్పలేదు. కొత్తూట్లకు ఫోన్ చేసి పావనికి మొత్తం చెప్పింది.

అటువైపు కుర్మమ్మ ఏదో అడగడం, పావని వద్దని చెప్పడం వినపడింది.

"'ఇగో' అని వస్తదని నాకు గూడ ఆశనే ఉంది చిన్నమ్మా," అంది చివరికి. "కాని నాయిన పని కాడికి రాకుండ ఉండేటోడు కాదు. జ్వరంల గూడ పొయ్యెటోడు. ఆయన చోటుల తమ్మున్ని నిలవెట్టిండ్రంటే ఇంక రాడనె. నా ఆశ కోసం వాళ్లందరు ఆడనె ఉండిపోవద్దు. నాయిన లేడనే చెప్పు."

నీలవేణి సరేనమ్మా అంది.

సభలో ఆ రోజు ఖాళీ కుర్చీ లేదు. నీలవేణి మైకు ముందు నిలబడి, గోడను చూపిస్తూ, ముందుగా ఒక ముసలావిడ ఒక పడుచును అత్తా అని పిలుస్తుంది, ఆ పడుచు ఒకతన్ని బావా అని పిలుస్తుంది, అతను ఒకావిడను వదినా అంటాడు, ఆ వదిన ఒకతన్ని మరిదీ అంటుంది అని చెప్పింది. ఒక్కొక్క పిలుపుతో పాటు ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఇల్లు చెప్పింది. కొత్తూట్ల పేర్లు ఆ హాలులో మైకుల్లోంచి రకరకాల భాషల్లోకి వెళ్లాయి. అనువాదకులు ఆ పిలుపుల దగ్గర తడబడ్డారు. వాళ్ల భాషల్లో వాటికి వేరు వేరు మాటలు లేవు.

వెరూనియా నిపుణుడు సీలు తీసి, ముక్కను నాలుగు వైపులా తిప్పి చూసి, కొలిమిలో పెట్టాడు. రాయబారి ముఖంలో ఏమీ లేదు. నీలవేణి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. చినుకుల చప్పుడు మొదలైంది. హాలంతా దాన్ని వింటోంది.

"అత్తా, మెల్లెగ."

"బావా."

"వదినా, బరువుంది సూడు."

మాసమ్మ గొంతు రావడానికి కాస్త ఆలస్యమైంది. ఆ కొద్దిసేపట్లో నీలవేణి, తాను సభకు చెప్పిన మాట అబద్ధమైపోతే బాగుండునని మనసారా కోరుకుంది. ముప్పై మందినీ మరిచిపోయి కోరుకుంది.

"మరిదీ," అంది మాసమ్మ. "అందుకో."

హాలు ఒక్కసారిగా లేచింది. ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకెవరో ఆపారు. వంజీరు నీలవేణి భుజం పట్టుకుని ఊపేస్తోంది. అంతా సరిపోయింది. మాట మాటా సరిపోయింది. నీలవేణి మాత్రం బల్ల మీద తల పెట్టుకుని, చిన్నప్పుడు తన నోరు మూసిన ఆ మొరటు చేతిని తలుచుకుని ఏడ్చింది.

తీర్మానం నెగ్గింది. ఇన్నాళ్లూ ఓటు వెయ్యకుండా కూర్చున్న దేశాలు ఆ రోజు కూర్చోలేకపోయాయి. ఇంత జరిగాక కూర్చుంటే ఇంటి దగ్గర జనం ఊరుకోరు. మన దేశం తీర్మానాన్ని బలపరుస్తూ కొత్తూట్ల వాళ్ల పేర్లన్నీ మళ్లీ చదివింది. రెండు దేశాలు వెరూనియా నగరపు పనులనుంచి తప్పుకున్నాయి. సభ అధ్యక్ష పదవికి వెరూనియా వేసిన దరఖాస్తు చప్పుడు లేకుండా వెనక్కి పోయింది. రాయబారి మారాడు. కొత్త రాయబారి, ఉప కాంట్రాక్టరు నిర్లక్ష్యం వల్ల కొందరు కార్మికులు అనుకోకుండా ఉండిపోయినట్టు తమ దృష్టికి వచ్చిందని ప్రకటించాడు. ఆ వాక్యం చదివి వంజీరు పడీ పడీ నవ్వింది. నవ్వి, విమానం సంగతి చూడ్డానికి వెళ్లింది.

శంషాబాదులో మాసమ్మ దిగినప్పుడు పావని కంటే ముందు కుర్మమ్మ పరిగెత్తింది. మాసమ్మ సగమైపోయింది. ఆశన్న రెండో ఎండాకాలం వడదెబ్బకు పోయాడని, అక్కడే ఇసకలో పెట్టారని కూతురుకు ఎలా చెప్పాలా అని దారంతా కుమిలిపోతూ వచ్చిందట. నోరు తెరవబోతే, పావని తల్లిని పట్టుకుని, నాకు తెలుసమ్మా అంది. కూతురు ముందే తెలుసుకుని, ముందే ఏడ్చి, తన కోసం నిలబడి ఉందని మాసమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అప్పుడు తల్లి ఏడ్చింది, కూతురు పట్టుకుంది.

*

మరుసటి ఏడు సభ మళ్లీ కూర్చున్నప్పుడు మాసమ్మను సాక్షిగా పిలిచారు. కూతురిని, చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. కొంచెం ఒళ్లు చేసింది. ఆ చలికి స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, అడిగినవన్నీ చెప్పింది. తెలియనివి తెలియవంది. చెప్పడం అయ్యాక గోడ చూస్తానంది.

హాల్లో ఆ గోడ ముందు ముగ్గురూ నిలబడ్డారు. మాసమ్మ ఒక పావురం రెక్క కింద వేలితో తడిమి, ఇక్కడ గుంట పడ్డది, ఆ రోజు తాపీ సరిగ్గా లేకుండె అని తప్పుపట్టింది. తన పనిని ఆమె అలా చూస్తుంటే పావనికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

అక్క కోసం అట్టే పెట్టుకున్న మాట నీలవేణి అప్పుడు చెప్పింది. ఇంజినీర్లు ఇంకొక్క ముక్కకు ఒప్పుకున్నారు, ఇంక ఆ గోడను ముట్టుకోనివ్వరు. మొదటి పలకలో ఆశన్న నిలబడ్డ చోటు తనకు తెలుసు. అక్కడ తొలిస్తే బావ గొంతు వస్తుంది. రికార్డు చేసి ఇస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు. ఎక్కడ తొలవాలో నిర్ణయించే పని వంజీరు తనకే వదిలేసింది. ముందువైపు సుద్దతో గుర్తు పెడితే చాలు, వెనకనుంచి తొలుస్తారు.

పావని తల్లి వైపు చూసింది. తండ్రి గొంతు ఉన్న పాత ఫోన్ వెరూనియాలో పోయింది. ఈ పిల్ల దగ్గర ఆయనది ఒక్క మాట కూడా లేదు.

మాసమ్మ మొదటి పలక దగ్గరికి వెళ్లి నిలబడింది. చెయ్యి దాని మీద పెట్టింది. తర్వాత గోడ రెండో కొసకేసి చూసింది.

"గా చివరి పలకలు మేం పొయ్యలె," అంది. "కంచె అవతల ఒరిస్సోళ్ల గుంపు ఉండె. వాళ్లు పోసిండ్రు. మేం బస్సెక్కిన నాడు గూడ వాళ్లు ఆడనె నిలవడి సూస్తున్నరు."

ఆ గుంపు గురించి వంజీరు దగ్గర ఒక్క కాగితం లేదు, వాళ్ల ఊరేదో కూడా ఎవరికీ తెలియదు.

"మీ బావ సంగతి మాకు ఎర్కయ్యింది గద చెల్లె. ఏడ్సినం, అయిపోయింది. వాళ్లింటోళ్లు ఇంక ఫోన్ దిక్కు సూస్కుంట ఉంటరు." ఆమె పావని వైపు తిరిగింది. "నువ్వేమంటవ్ బిడ్డా? నువ్వు వద్దంటె వద్దు."

పావని తండ్రి నిలబడ్డ చోటు వైపు చూసింది. తెల్లగా, నున్నగా, మామూలు గోడలాగే ఉంది. కళ్లు నిండాయి గానీ దాచుకోలేదు. పిన్ని చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, నడువమ్మా, ఏ పలకో చూపించు అంది.

ముగ్గురూ గోడ వెంబడి రెండో కొసకు నడిచారు. మాసమ్మ ఒక పలక ముందు ఆగి, కంచె ఇవతలి నుంచి చూసిన చూపును గుర్తు చేసుకుంటూ అటు రెండడుగులు, ఇటు ఒకడుగు వేసి, ఒక చోట వేలు పెట్టింది.

"గిక్కడ ఒక ముసలాయన నిలవడుతుండె. గట్టిగ పిలుస్తడు, మా దాక వినవడేది. ఆయనది తప్పకుండ దొరుకుతది."

పావని అక్కడ సుద్దతో గుండ్రంగా గీసింది.